ఈసారి డేట్ జరపలేదు

మా వంటింట్లో జ్వరం గోలీల డబ్బాలోనే నెలసరి డేట్ వెనక్కి జరిపే గోలీలు కూడా ఉండేవి. బోనాలకు, సత్యనారాయణ వ్రతానికి, తిరుపతి ప్రయాణానికి, చుట్టాలింట్లో పెళ్లికి, మా అమ్మ ఆ గోలీలు తీసి చేతిలో పెట్టేది. డాక్టరు లేదు, చీటీ లేదు. ఇంటర్ నుంచీ మింగుతూనే ఉన్నాను.

నా డేటేమో ఎవరూ జరపకుండానే దాని ఇష్టమొచ్చినట్టు జరిగేది. నెలల తరబడి జాడ ఉండదు. వచ్చిందా, ఇక ఆగదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో ఫ్రంటాఫీసు ఉద్యోగం నాది. కుర్చీలోంచి లేచే ముందు వెనక్కి తడిమి చూసుకోవడం అలవాటైపోయింది. లేత రంగు డ్రెస్సులు కొనడం ఎప్పుడో మానేశాను. సాయంత్రం ఎల్బీనగర్‌లో మా ఇంటికొచ్చి, మెట్లెక్కలేక మధ్యలోనే కూర్చుండిపోయేదాన్ని. పాతికేళ్లకే ఇదేం బతుకురా దేవుడా అనిపించేది.

చివరికి అమ్మే దవాఖానకు తీసుకెళ్లింది. డాక్టరమ్మ కోస్తా మనిషి. స్కాన్ చూసి, బీపీ చూసి, విపరీతమైన తలనొప్పులొస్తాయా, ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టిన జబ్బుందా అని ఆరా తీసింది.

"పీసీఓడీ అమ్మా, కంగారు పడకు. ఈ మాత్రలు రోజూ ఒకే టైముకి వేసుకో. పట్టీ అయిపోయాక వారం ఆపితే ఆ వారంలోనే నెలసరి వస్తుంది."

ఇంట్లో డబ్బాలో ఉన్న గోలీల సంగతి చెప్పాను. ఆవిడ పెన్ను పక్కన పెట్టింది. "దానివల్లే ఇలా అయిందని నేననను. కానీ అడక్కుండా వేసుకోవడం ఇక చాలు తల్లీ."

మెడికల్ షాపాయన పట్టీ తీసి నన్నొకసారి, నా మెడనొకసారి చూశాడు. "ఇవి పిల్లలు కాకుండ వాడేటివి గదమ్మా. పెండ్లయిందా?" అన్నాడు. అమ్మ ముఖం మాడిపోయింది. నల్ల కవరు చేతిలో పడగానే చెంగు కింద దాచేసింది.

"పెండ్లిగాని పిల్లకు గివేం గోలీలే? సంబంధాలు చూస్తున్న యాళ్ల ఎవలన్న చూస్తే ఏమనుకుంటరు?"

"డాక్టరు ఇచ్చింది గదమ్మా. కొట్లాడే ఓపిక లేదు నాకు."

నిజంగానే లేదు. మొదటి పట్టీకి బస్సులో కడుపులో తిప్పింది. మధ్యమధ్యలో కాస్త మరకలు కనిపించాయి. మొదట్లో అలాగే ఉంటుందని డాక్టరమ్మ ముందే చెప్పింది కాబట్టి మానలేదు.  అమ్మ పొద్దున్నే నా బ్యాగులో ఒక నిమ్మకాయ చెక్క పెట్టేది.

తర్వాత ఒక బుధవారం డేటొచ్చింది. చెప్పిన వారంలోనే వచ్చి, మర్యాదగా ఆగిపోయింది. మళ్లీ నెల కూడా బుధవారమే. బాత్రూములో కూర్చుని ఏడ్చాను. సంతోషం అనలేను, ఒళ్లంతా తేలికైంది, అంతే.

అంతలో మీర్‌పేట్‌లో మా పెద్దమ్మ కొత్తింటి గృహప్రవేశం. చూస్తే అది సరిగ్గా నా డేటొచ్చే బుధవారం.

నేను బట్టలారేస్తుంటే అమ్మ వచ్చింది. "గీ వారం గోలీలు బందు చెయ్యకు. ఇంకో పట్టీ షురూ చెయ్యి. మెడికల్ షాపాయన్ను అడిగిన, ఏం గాదట."

ఏ షాపాయన? నా మెడ చూసినాయనే! నాకు కోపమూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

"మొన్నటిదాక చెంగు కింద దాసినవ్ గదనే?"

"పెద్దమ్మకు ఆడిపిల్లలు లేరు. పాలు పొంగిచ్చుడు నువ్వే అని ఎప్పుడో అనుకున్నది. ఒక్కసారి జరపరాదు?"

ఒక్కసారట! ఇన్నేళ్లుగా ఎవరింట్లో పండగుంటే వాళ్లకోసం జరిపాను. ఇప్పుడిప్పుడే నా ఒళ్లు నాతో ఒక మాట మీద నిలబడుతోంది. ఆ ఒక్క బుధవారాన్ని కూడా పాలగిన్నె కోసం ఇచ్చేయమంటోంది. ఏం గాదు, నిజమే కావచ్చు. కానీ ఆ బుధవారం నాకు కావాలి.

"రానియ్యమ్మా," అన్నాను. "ఈసారి జరప."

"మీ పెద్దమ్మకేం చెప్పాలె?"

"బుధవారం డేటని చెప్పు."

"ముందుగాలనే ఎట్ల తెలుసని అడిగితే?"

"గోలీలు ఏసుకుంటదని చెప్పు."

అమ్మ విసురుగా లోపలికి వెళ్లిపోయింది. 

బుధవారం పొద్దున పెద్దమ్మ కొత్తింటి ముందు, షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. పొత్తికడుపు నొప్పి. లోపల పాలు ఎవరో పొంగించారు. పెద్దమ్మ బయటికి తొంగి చూసి, ముఖం తిప్పుకుని లోపలికి వెళ్లిపోయింది. నేనిలా చేసి ఉండాల్సింది కాదేమో అని ఒక్క క్షణం మనసు పీకింది.

అమ్మ నా కోసం పళ్లెంలో టిఫిన్ పట్టుకొచ్చింది. పక్క కుర్చీలో కూర్చున్న చుట్టాలావిడ మమ్మల్ని చూసి నొచ్చుకుంది.

"అయ్యో, పొద్దుగాల్నే అయినవా బిడ్డా? గోలీ అన్న ఏసుకోకపోయినవా?"

నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది.

"ఏసుకున్నకాడికి చాలు తియ్యి వదినె. మా పిల్లది ఇప్పుడు టైముకొస్తది. రానియ్యి."

ముట్టుకోకూడదని పళ్లెం పక్కన పెట్టలేదు, నా చేతికే ఇచ్చింది.