ఆర్విడ్ గారి ‘ఇంకా చోటుంది’

బండి వెనుక తగిలించుకుని వచ్చే ఇంటిట్రైలర్ ఏదైనా వెనుకకు నడుస్తూ కంటబడితే చాలు, ఆర్విడ్ లిండ్‌స్కోగ్ గారు కూర్చున్నచోట కూర్చోలేరు. లేచి, దాని వెనుక నిలబడి, రెండు చేతులూ గాలిలో ఆడించి, ఆ బండిని ఏ చెట్టుకో గుంజకో చేర్చేదాకా ఆయనకు ఊపిరాడదు. ఆయనకున్న వ్యసనం ఇదొక్కటే. పొగాకు ముట్టరు, పేకాట ఆడరు, ఇతరులు చెప్పే చేపల బరువును శంకించరు.

మా గూస్‌నెక్ సరస్సు వేసవి విడిదికి వచ్చేవారిలో చాలామంది చుట్టుపట్ల గోధుమ రైతులే. విత్తులు చల్లిన పిమ్మట వస్తాము, కోతలకు ముందు పోతాము. ఆర్విడ్ గారూ, ఆయన భార్య గుద్రున్ గారూ మాత్రం మంచు కరగడంతోటే వచ్చి, ద్వారం పక్కనున్న మొదటి స్థలంలో దిగుతారు. నీటిగట్టున చక్కని చోటు ఇస్తామన్నా కాదని ఈ దుమ్ములోనే ఉండిపోయారు. ఇక్కడ కుర్చీ వేసుకుంటే కంకరరోడ్డు మీద లేచే ధూళి కనబడుతుంది. ఆ ధూళిని బట్టి వచ్చేది చిన్న ట్రైలరో పెద్ద ట్రైలరో ఆయన చెప్పేస్తారు. బండి మలుపు తిరిగేసరికి నారింజరంగు చొక్కా తొడుక్కుని, కాఫీ కప్పుతో సిద్ధంగా ఉంటారు.

ఆయన సైగలకు వ్యాకరణం లేదు. కుడిచేయి ఊపితే కుడికి తిప్పమనో, ఎడమకు తిప్పమనో, లేక దోమను తోలుకుంటున్నారో ఎవరికీ అంతుచిక్కదు. నోటిమాట మాత్రం ఒక్కటే: “రా, రా, ఇంకా చోటుంది.” ఆ మాట వెన్నంటే దబ్బుమని చప్పుడు. చప్పుడు వినబడిన తరువాత, ఎంతో ముందుచూపు గలవానివలె, “ఇక చాలు” అంటారు. ఒక ఏడు ఎవరో పశువైద్యుని కొత్త ట్రైలర్‌ను పొరుగువారి బట్టల తీగలోనికి నడిపించారు. అది పరాయివారి పొడుగు లాగులను జెండాలవలె ఎగురవేసుకుంటూ బయటికి వచ్చింది. మా వంతుకు ఒక ఏడు భోజనబల్ల, మరొక ఏడు పొయ్యి చుట్టూ ఉండే ఇనుప కట్టు వచ్చాయి. మా ఆవిడ ఐలీన్ ప్రతి వేసవీ ద్వారం దాటుతూనే, ఆ ముసలాయన లేచేలోగా బండి పెట్టేయమని నన్ను తొందరపెట్టేది. అది ఏనాడూ సాధ్యపడలేదు.

నాకు మాత్రం కోపం కంటె కుతూహలమే ఎక్కువగా ఉండేది. కళ్ళు మూసుకుని చెప్పినా సగంసార్లయినా సరిపోవాలి గదా. పొరపాటుననైనా ఒక్కమారు ఒప్పు చెప్పని మనిషిని నేను మరెక్కడా ఎరుగను. ఒకనాడు ఇద్దరమూ చేపలు శుభ్రం చేస్తూండగా ఉండబట్టలేక అడిగాను.

“ఆర్విడ్ గారూ, వెనక నిలబడినప్పుడు మీరు నా అద్దంలో కనబడుతున్నారో లేదో ఎప్పుడైనా చూసుకున్నారా?”

“ఎందుకయ్యా? నువ్వు నాకు కనబడుతున్నావు కదా.”

అంతటితో ఆ ప్రస్తావన ముగించి, ఈ ఏడు చేపలు బక్కచిక్కాయని విచారించారు. గుద్రున్ గారు ఏదో పని ఉన్నట్లు గబగబా ట్రైలర్‌లోనికి పోయారు. లోపలినుండి నవ్వు వినబడిందని నాకు అనుమానం.

ఈ వేసవి మొదట్లో ఆయన ఒక ట్రైలర్‌ను తిన్నగా విడిదికంతటికీ నీళ్ళిచ్చే కుళాయి మీదికి రప్పించారు. నీరు పాప్లర్ చెట్ల ఎత్తున చిమ్మింది. విడిది సంఘానికి అధ్యక్షురాలైన వెర్నా ప్రిస్టుపా తడిసిన జుట్టుతోనే వచ్చి తీర్పు చెప్పింది. ఇకమీదట బండ్లు వచ్చినప్పుడు ఆయన కుర్చీలోనుండి లేవరాదు. లేచిన మరునాడే స్థలం ఖాళీ చేయాలి. ఆ స్థలం మరి ఎన్నటికీ ఆయనకు దక్కదు. గుద్రున్ గారు అక్కడ రూబార్బ్ అనే పుల్లని కాడల మొక్కలు నాటి పెంచుకుంటున్నారు. ఆర్విడ్ గారు ఆ మొక్కలవంక ఒకసారి చూసి, సరేనని తల ఊపారు.

మాట నిలబెట్టుకున్నారు కూడాను. బండి వచ్చినప్పుడల్లా కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుని, పళ్ళ డాక్టరు ఎదుట కూర్చున్నవానివలె కూర్చునేవారు.

ఆగస్టు సెలవుల శనివారం నాడు, వసంతంలో పెళ్ళాడిన జంట ఒకటి వచ్చింది. అబ్బాయి బ్రెట్, అమ్మాయి షానా. ట్రైలర్ మామగారి కానుక. ఒకరు బండి పెట్టుకుంటూంటే మిగిలినవారు కుర్చీలలో కూర్చుని, చూడనట్లు చూడడం మా విడిది మర్యాద. అందరమూ పత్రికలు విప్పి, వాటి పైనుండి చూస్తున్నాము. అబ్బాయి మొదటిసారి బండిని అడ్డంగా పెట్టాడు, రెండోసారి మరింత అడ్డంగా పెట్టాడు. వెనుక నిలబడి కేకలు వేస్తున్న అమ్మాయిమీద విసుగు చూపాడు. మాట ట్రైలర్ మీదినుండి దానిని ఇచ్చిన మామగారి మీదికి, అక్కడినుండి పెళ్ళినాడు అత్తగారు అన్న మాట మీదికి వెళ్ళింది. మేము పత్రికలు మరికొంత పైకెత్తాము. అమ్మాయి ముందుసీటులోని సంచి లాగి భుజాన వేసుకుంది.

“అక్కకి ఫోన్ చేస్తున్నా, వచ్చి తీసుకుపోతుంది. నువ్వూ ఈ ట్రైలరూ కాపురం చేసుకోండి.”

చెప్పి ద్వారంవైపు నడిచింది. అబ్బాయి స్టీరింగు పట్టుకుని, దిగనూ లేక, పిలవనూ లేక ఉండిపోయాడు. చూడనట్లు చూడడం కూడా మాకు కష్టమయింది.

అప్పుడు ఆర్విడ్ గారు లేచారు. గుద్రున్ గారు వారించలేదు. ఆయన చేతిలోని కప్పు అందుకుని, నారింజరంగు చొక్కా అందించారు.

ఆయన ట్రైలర్ వెనుక నిలిచి చేతులు ఊపారు. “రా బాబూ, రా, ఇంకా చోటుంది.” అబ్బాయి వచ్చాడు. ట్రైలర్ సగానికి సగం సస్కటూన్ పళ్ళ పొదలలోనికి దూరింది; పండిన కాయలన్నీ దాని తెల్లటి గోడమీద ఊదారంగు పూశాయి.

“మీకు కళ్ళు కనబడవా తాతా?” అంటూ అబ్బాయి దిగాడు. ద్వారం దాటబోతున్న అమ్మాయి ఆ చప్పుడుకు తిరిగి చూసి, సంచి అక్కడే పడవేసి పరుగున వచ్చింది.

“అడిగామా మిమ్మల్ని? మా ఆయన చక్కగానే తోలుతున్నాడు, మీరొచ్చి చెడగొట్టారు.”

“చూడు షానా, మీ నాన్నగారి ట్రైలర్ ఏమయిందో.”

“నీ తప్పు కాదులే. ఈయన అడ్డం తప్పుకుంటే నువ్వే పెట్టేస్తావు.”

ఇద్దరూ కలిసి మరికాసేపు ఆయనను కడిగిపెట్టారు. ఆయన తల వంచుకుని, చాలా శ్రద్ధగా తిట్లు తిన్నారు. తరువాత వారు పక్కపక్కన ముందుసీటులో కూర్చుని, నెమ్మదిగా బండిని సరిగ్గా చోటులో నిలిపారు. వెర్నా వచ్చి, మాట ఇచ్చారు కదా పెద్దాయనా, పొద్దున్నే ఖాళీ చేయండి అని చెప్పింది. ఇచ్చానమ్మా, చేస్తానమ్మా అన్నారు ఆయన.

మరునాటి ఉదయం విడిదిలోని వారందరూ సరస్సు గట్టునున్న పాకలో పాన్‌కేకుల వరుసలో నిలబడ్డారు. పాన్‌కేకులకని ఊళ్ళనుండి వచ్చినవారి బండ్లతో ద్వారందాకా ముందుదారి మూసుకుపోయింది. ఇక ఆర్విడ్ గారు బయటపడాలంటే, చెట్ల మధ్య వంకరలు పోయిన సన్నని వెనుకబాటన, ఆ పొడవాటి ట్రైలర్‌ను ఆసాంతం వెనుకకే నడపాలి. ఆయన స్వయంగా బండి తోలగా మాలో ఎవరమూ చూడలేదు. ఎన్ని చెట్లు కూలుతాయో చూద్దామని నేను పాన్‌కేకులు మానుకుని వచ్చాను. వెర్నా వెనుక ద్వారం తాళంచెవులతో నిలబడి ఉంది.

ఆయన ఒక చేత్తో స్టీరింగు తిప్పుతూ, మరొక చేత్తో కాఫీ తాగుతూ, ఆ బాటన మొత్తం వెనుకకు వచ్చేశారు. ఒక్క ఆకు కదలలేదు. నేను పరుగెత్తి కిటికీ తట్టాను.

“ఏమిటిది ఆర్విడ్ గారూ?”

“బతుకంతా ధాన్యం లారీ తోలానయ్యా, వెనక రెండు తొట్లు కట్టుకుని.”

“మరి మాకెందుకు అలా చెప్పారు?”

ఆయన ఇబ్బందిగా గుద్రున్ గారివంక చూశారు. “చెప్పేయండి” అన్నారు ఆవిడ.

“బండిలో వచ్చేది ఇద్దరు. అది తిన్నగా పోకపోతే తప్పు ఆ ఇద్దరిలో ఒకరిదవుతుంది. ఈమె, నేను అలాగే మొదటి వేసవంతా మాటల్లేకుండా గడిపాం. అందుకని మూడోవాడు ఒకడుంటే మంచిదనిపించింది.”

వెర్నా తాళంచెవులు జేబులో వేసుకుంది. “మా వాల్టర్, నేను మొదట వచ్చిన ఏడు విడాకుల మాట అనుకుంటూ దిగాం. మా కిటికీ అద్దం మీరే పగలగొట్టించారు. ఆ సాయంత్రమంతా మిమ్మల్ని తిట్టుకుంటూ నవ్వుకున్నాం” అంది. తరువాత ముక్కు తుడుచుకుని, అధ్యక్షురాలి గొంతుతో, “ట్రైలర్ మళ్ళీ లోపల పెట్టండి. కుళాయి జోలికి మాత్రం పోకండి” అంది.

“అలాగేనమ్మా. ఈ సంగతి ఎవరితోనూ అనకండి. తెలిస్తే ఇంకెవరూ మనసారా తిట్టరు.”

నేను పాకకు తిరిగి వచ్చేసరికి ఐలీన్ నా వంతు పాన్‌కేకులు మూతపెట్టి ఉంచింది. ముసలాయన ఖాళీ చేశాడా అని అడిగింది. లేదు, ఉంటాడట అన్నాను.

“ఖర్మ” అంది.

“మన ఖర్మే” అన్నాను నేను. అటుపిమ్మట ఇద్దరమూ కుర్చీలు దగ్గరగా జరుపుకుని, ఆయనను మొదటినుండి చివరిదాకా తిట్టుకుంటూ, ఎంతో తీరికగా కాఫీ తాగాము.