ఎడమ కాలి తప్పు

తొంభైల మొదట్లో నేను ఫిల్మ్ నగర్‌లో డబ్బింగ్ చెప్పేదాన్ని. ఇల్లు మోతీనగర్‌లో. ఆటోలతో వేగలేక ఒక పాత మారుతి కారు కొనుక్కుని, ముప్పై ఎనిమిదేళ్ల వయసులో డ్రైవింగ్ నేర్చుకున్నాను. మావారికి స్కూటర్ తప్ప రాదు. కారు మంచీచెడూ అంతా నాదే.

ఏడాది తిరక్కుండానే క్లచ్ ప్లేటు రెండుసార్లు మార్పించాల్సి వచ్చింది. జూబ్లీహిల్స్ ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను అరిచేది గాని బండి కదిలేది కాదు. పైగా కాలిన వాసన. మెయిన్ రోడ్డు మీది షెడ్డు యజమాని "పాత బండి కదమ్మా, ఇంతే" అనేవాడు. ఆడమనిషినని మోసం చేస్తున్నాడని నాకు గట్టి అనుమానం. మూడోసారి వాసన రాగానే, స్టూడియోలో సౌండ్ ఇంజనీరు చెప్పగా రహమత్ నగర్‌లోని ఒక మెకానిక్ దగ్గరికి వెళ్లాను.

యాభై దాటిన మనిషి. బానెట్ ఎత్తనే లేదు. చేతులు తుడుచుకుని, పక్క సీటు మీద పాత పేపరు పరిచి కూర్చున్నాడు.

"మీరే నడపండి మేడమ్. రోజూ ఎట్ల పోతరో గట్లనే పోండి."

ఫిల్మ్ నగర్ దాకా వెళ్లి వచ్చాం. ఎత్తు మధ్యలో ఒక వ్యాను అడ్డం వస్తే, ఎప్పటిలాగే క్లచ్ సగం వదిలి, యాక్సిలరేటర్ తొక్కుతూ బండి వెనక్కి జారకుండా ఆపాను. ఆయన రోడ్డు చూడటం లేదు, నా కాళ్లనే చూస్తున్నాడు.

షెడ్డుకు వచ్చాక అన్నాడు: "బండి మంచిగనే ఉంది. మీ ఎడమ కాలే క్లచ్ మీదికెల్లి దిగుతలేదు. ఎత్తు మీద బ్రేకు తొక్కకుండ క్లచ్‌తోని ఆపుతున్నరు. కొత్త ప్లేటు ఏసినా గిట్లనే కాలుతది."

"అంటే తప్పు నాదంటారా?"

"అవును మేడమ్."

"ఆడవాళ్లకి కారు నడపడం రాదంటారు, అంతేగా?"

"గట్లనలే. మీకు నేర్పినోడు చెప్పలే. ఇప్పుడైతే ప్లేటు మార్చకండి, ఇంకా నడుస్తది."

నాకు ఒళ్లు మండింది. నిజం చెప్పే మెకానిక్ దొరికితే చాలనుకున్నదాన్ని, ఆ నిజం నా మీదికే వచ్చేసరికి మొహం మాడ్చుకుని వచ్చేశాను. కానీ మర్నాటి నుంచి నా ఎడమ కాలిని గమనించకుండా ఉండలేకపోయాను. నాకు తెలియకుండానే అది వెళ్లి పెడల్ మీద కూర్చునేది. దించితే మళ్లీ ఎక్కేది.

వారం తర్వాత మళ్లీ వెళ్లాను. ఆయన దెప్పలేదు. ఎత్తు మీదికి తీసుకెళ్లి, హ్యాండ్ బ్రేకు లాగి ఉంచి, ఇంజను పట్టు అందుకోగానే దాన్ని వదులుతూ బండి ఎలా కదిలించాలో చూపించాడు. రెండుసార్లు వెనక్కి జారాను, నాలుగుసార్లు ఇంజను ఆగింది. వెనక ఆటోవాళ్లు హారన్ మోగిస్తుంటే చెమటలు పట్టాయి. "ఫికర్ చేయకండి, వాళ్లే ఆగుతరు" అన్నాడాయన. ఏడోసారి బండి కుదుపు లేకుండా ఎత్తెక్కింది.

ఆ ప్లేటే ఏడాదిన్నర పైగా వచ్చింది. మొదటి షెడ్డు యజమానిని నేను అనవసరంగా అనుమానించాను. ఆయన కాలిన ప్లేటునే మార్చాడు. ఎందుకు కాలిందో మాత్రం చూడలేదు.

తర్వాతెప్పుడో స్టీరింగ్ దగ్గర ఏదో చప్పుడు వస్తోందని చూపిస్తే, రహమత్ నగర్ మెకానిక్ చాలాసేపు విని, "ఏందో నాకు తెలుస్తలేదు మేడమ్. రెండు దినాలు ఈడ ఉంచండి, చూస్త" అన్నాడు. తాళాలు ఆయన చేతిలో పెట్టి, ఆటో ఎక్కి ఇంటికొచ్చాను.