బావ సంచిలో ఫ్యూజులు

మా అక్క మొగుడు లైన్‌మన్. పనిమంతుడే గానీ వట్టి చాదస్తం మనిషి. స్తంభం ఎక్కాలంటే ముందు ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫ్యూజులు పీకి, తన అన్నం సంచిలో వేసుకుని మరీ ఎక్కుతాడు. ఆ సంచి ఇంకొకరి చేతికివ్వడు. నా పెళ్ళిరోజున ఏదో తీగ సరిచేసి, ఫ్యూజులు తిరిగి పెట్టడం మరిచిపోయి సంచితో సహా భోజనానికి కూర్చున్నాడు. ఫ్యాన్లు ఆగి జనం చెమటలు కక్కుతుంటే ఈయన తీరిగ్గా రెండోసారి వడ్డించుకుంటున్నాడు. ఆ రోజునుంచి ఆయన మా అందరికీ చీకటి బావ.

గాలివాన వెలిసిన మూడో రోజుకి మా ఇంట్లో మోకాలి లోతు నీళ్ళు. మంచం కింద ఇటుకలు పేర్చి, పదకొండు రోజుల పసివాణ్ణీ వాడి అమ్మనీ దానిమీద కూర్చోబెట్టాను. కుట్లు మానలేదు, ఆవిణ్ణి నీళ్ళలోకి దించే వీల్లేదు. వాడేమో దగ్గుతున్నాడు. తోడెయ్యడానికి మోటారుంది, కరెంటు లేదు. వాడి గుడ్డలు ఆరే దారిలేక, ఎక్కడినుంచో కొట్టుకొచ్చి వెనక గోడమీద పడున్న తీగనొకదాన్ని లాగి కిటికీ ఊచకి కట్టాను. మంచి గట్టి తీగ.

ట్రాన్స్‌ఫార్మరు దగ్గరికి వెళ్ళేసరికి నలభైమంది బావని చుట్టుముట్టి ఉన్నారు. ఆయనకి ఛాతీదాకా బురద, మెడలో సంచి.

"ఒక తీగ తెగింది. ఒక కొస దొరికింది, రెండోది దొరకలేదు. దొరికేదాకా లైను వెయ్యను," అంటున్నాడు.

"మూడు రోజులనుంచీ వెతుకుతూనే ఉన్నావా?" అన్నాడు మా వీధి దర్జీ.

"బావా, ఇంట్లో బాలింత ఉంది," అన్నాను.

"తెలుసురా. అందుకే వెయ్యను."

కోపం నాకెప్పుడూ ముక్కుమీదే ఉంటుంది. ఆయన నడుముకున్న కటింగ్ ప్లేయరు లాక్కుని మూతిమీద కొట్టాను. పన్ను విరిగిన చప్పుడు నాకు వినపడింది. ఇంకోటి కొట్టాను. సొంత బామ్మర్దే చెయ్యి చేసుకున్నాక పరాయివాళ్ళకి మొహమాటమేముంటుంది? దర్జీ విరిగిన కుర్చీ కోడు తీసుకుని పక్కటెముకలమీద బాదాడు. ఎవరో చెయ్యి మెలిపెట్టారు, ఇద్దరు ఆయన తలని నీళ్ళలోకి తొక్కిపట్టారు. ఆ ఇద్దరిలో నేనొకణ్ణి. తల పైకి తేలినప్పుడల్లా నెత్తురు ఉమ్మేవాడు, సంచి మాత్రం వదల్లేదు. చివరికి ఎలాగో విదిలించుకుని, దాన్ని ఉన్న బలమంతా పెట్టి పక్కనే ఉరకలేస్తున్న కాలవలోకి విసిరేశాడు.

ఆ తర్వాత ఇంకా ఎక్కువ కొట్టాం.

మర్నాడు పొద్దున నీళ్ళు చీలమండల లోతుకి దిగాయి. బావ మా పెరట్లోకి వచ్చాడు. మూతి వాచిపోయి మనిషి గుర్తుపట్టేలా లేడు. ఒక చేత్తో పక్కటెముకలు అదుముకుని, పక్కవీధి స్తంభం దగ్గర నీళ్ళు దిగాక బయటపడ్డ తీగ వెంటే కళ్ళు నడిపిస్తూ గోడ దాటి వచ్చాడట. మా ఆవిడ మొదటిసారి మంచం దిగి, కిటికీ దగ్గర నిలబడి తీగమీది గుడ్డ అందుకుంటోంది.

బావ పసివాడి గుడ్డలు ఒక్కొక్కటీ తీసి, మడిచి, ఆవిడ చేతికిచ్చాడు. తర్వాత కిటికీ ఊచకి నేను వేసిన ముడి విప్పాడు. రెండు ముళ్ళు వేశాను, టైము పట్టింది.

నిన్న ఆ సంచి నా చేతికి చిక్కి ఉంటే నేనే పరుగెత్తి ఫ్యూజులు పెట్టేవాణ్ణి.

"ఇన్ని ఇళ్ళు వెతికావు, మా పెరడెందుకు చూడలేదు బావా?" అన్నాను.

"నా బామ్మర్ది ఇల్లు కదా, తీగ పడితే నీకు తెలుస్తుందనుకున్నాను," అన్నాడు.

అక్క నాతో మాట మానేసింది. బావ మాట్లాడతాడు. ముందు పళ్ళు రెండూ లేవు, ప్రతి మాటలోనూ గాలి పోతుంది. నేను తల వంచుకుని వింటాను.