ఉప్పు డబ్బా కింది పేజీ

మా కేబుల్ ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లుగా వెల్డింగ్ చేస్తున్న బాబాయికి కంపెనీ వాటా ఒకటుంది. ఒకటంటే ఒకటే. లాభం కోసం కొన్నది కాదు. యూనియన్ ఆరు ఉత్తరాలు రాసినా ఇవ్వని వార్షిక నివేదికను, వాటాదారుడైతే కంపెనీయే తన ఖర్చుతో ఇంటికి పంపుతుందని కొన్నాడు.

దాన్ని ఆయన వెనక నుంచి చదివేవాడు. "ముందు పేజీల్లో నవ్వుతారు, వెనక పేజీల్లో ఒప్పుకుంటారు" అనేవాడు. చిన్న అక్షరాల వివరణలు చించి ఫైలులో పెట్టుకుని, రంగు బొమ్మల పేజీలు పిన్నికిచ్చేవాడు. మందపాటి కాగితం, వంటింటి అరల్లో పరవడానికి బాగుంటుంది. జీతాల చర్చల్లో మేనేజరు "నష్టం" అన్నప్పుడల్లా బాబాయి ఏదో ఒక వివరణ నంబరు చెప్పేవాడు. మేనేజరు గొంతు సవరించుకునేవాడు. అలా ఆయనకు వెనకపేజీ బాబాయి అన్న పేరు స్థిరపడింది.

ఆ ఏడు నష్టం నిజంగానే వచ్చింది. ఖర్చు తగ్గించడానికి, తల్లులు పనిలో ఉండగా పసివాళ్లను చూసుకునే ఫ్యాక్టరీ పిల్లల గది మూసేస్తున్నామని నోటీసు అంటించారు. మా పాపకు తొమ్మిది నెలలు. గది మూస్తే నా ల్యాబు ఉద్యోగం పోయినట్టే. ఏ కొలతైనా మూడుసార్లు తీసుకునే అలవాటున్న నేను ఆ నోటీసునూ మూడుసార్లు చదివాను. ఫలితం మారలేదు.

ఆదివారం పాపకు ఎర్ర టోపీ పెట్టి, ఎత్తుకుని బాబాయి ఇంటికి వెళ్లాను. ఆయన ఫైలు ముందు తల పట్టుకుని ఉన్నాడు.

"ఎటు తిప్పినా నష్టమేనమ్మా. ఎక్కడా దాచింది లేదు. వీళ్లు ఇంత నిజాయితీగా ఎప్పుడూ లేరు."

"ఇన్నేళ్లూ దొంగ లెక్కలని తిట్టారు. ఇప్పుడు నిజం రాస్తే అదీ తప్పేనా?" అంది పిన్ని, గంజి కాయడానికి ఉప్పు డబ్బా తీస్తూ.

డబ్బా కింద పరిచిన ఈ ఏటి నివేదిక రంగు పేజీలోంచి మా పాప నన్ను చూసి నవ్వింది. అదే ఎర్ర టోపీ, అదే పిల్లల గది. బొమ్మ కింద రాసి ఉంది: 'ఈ గది వల్ల తల్లుల గైర్హాజరు మూడో వంతు తగ్గింది. ఇది ఖర్చు కాదు, పెట్టుబడి.'

బాబాయి కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాడు.

"ఎన్నో పేజీ ఇది?"

"నాలుగు" అన్నాను.

"మీరు వంటింట్లోకి వస్తే కదా కనబడేది" అంది పిన్ని.

చర్చలకు నన్నూ తీసుకెళ్లారు. బాబాయి ఆ పేజీని బల్ల మీద పరిచాడు. మేనేజరు దాన్ని చూసి చేత్తో పక్కకు నెట్టాడు.

"ఇది వాటాదారుల కోసం రాసిందండీ. మీకు చెప్పింది కాదు."

"నేనూ వాటాదారుణ్ణే సార్. పెట్టుబడి మూసేస్తున్నారని మనసుకు కష్టంగా ఉంది. సర్వసభ్య సమావేశంలో లేచి అడగమంటారా?"

మేనేజరు తాను నెట్టిన కాగితాన్ని మళ్లీ దగ్గరకు లాక్కుని, డబ్బా మరక పక్కనున్న వాక్యం చదివాడు. నాలుగో రోజు గది మూయడం లేదన్నారు; నోటీసును నేనే గోడ మీద నుంచి ఊడదీశాను.

మరుసటి ఏడు నివేదికలో ఛైర్మన్ రాశాడు: 'నష్టాల్లోనూ పిల్లల గదిని మూసే ఆలోచన యాజమాన్యం చేయలేదు.' బాబాయి ఆ పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి, వేలు పెట్టుకుని, బొమ్మలతో సహా చదువుతున్నాడు. పిన్నికి ఒక్క కాగితమూ ఇవ్వనన్నాడు. ఉప్పు డబ్బా కింద ఇప్పుడు నేనిచ్చిన నోటీసు ఉంది.