అడ్డాకుల మీద మూడు ఉత్తరాలు

నూకరత్నానికి డాక్టరు చదువు చెప్పే మూడు బళ్ళ నుంచి రమ్మని ఉత్తరాలొచ్చాయి. అదీ 1926లో, అరకు కొండల్లో పుట్టిన గుంటకి! ఇంకొకరైతే ఎగిరి గంతేసేవారు. ఈవిడగారు మూడూ చదివి, మడిచి, చోళ్ళు, అదే రాగులు, పోసిన కుండ మీద పెట్టి నీళ్ళకి వెళ్ళిపోయింది.

తప్పు ఆమెది కాదులెండి. పార్వతీపురంలో దొరసాని బడిలో ఆఖరి పరీక్ష రాస్తుండగా ఇక్కడ తల్లి మన్యం జ్వరంతో పోయింది. అంతకుముందు సెలవులకొచ్చినప్పుడు తల్లికి నూనె రాస్తుంటే ఎడమ డొక్కలో బల్ల, అంటే జ్వరానికి ఉబ్బిన ప్లీహం, గట్టిగా చేతికి తగిలింది. అదేమిటో తెలియక ఊరుకుంది. తల్లి పోయినప్పట్నుంచి మనసు మొద్దుబారిపోయింది. వేలూరా, మద్రాసా, కటకమా అంటే ఏదైనా ఒకటే. అసలు వెళ్ళకపోయినా ఒకటే. శుక్రవారం సంతకొచ్చే తపాలా మనిషికి జవాబివ్వకపోతే మూడూ పోతాయని దొరసాని కబురంపినా చలనం లేదు.

కూతురు తేల్చకపోయేసరికి తండ్రి సోంబరు, ఊరి దిసారి గాసిని పిలిచాడు. ఊళ్ళో శకునాలు, మంచీ చెడ్డా చూసి చెప్పేది ఆయనే. బుధవారం పొద్దున్న పెరట్లో విస్తళ్ళు కుట్టే అడ్డాకులు మూడు పరిచి, ఒక్కోదాని మీద ఒక్కో ఉత్తరం, దాని మీద గుప్పెడు బియ్యం పెట్టారు. కోడి ఏ ఆకు మీద పొడిస్తే ఆ ఊరు. విత్తనాలకైనా, పెళ్ళికైనా అక్కడ అంతే. దేన్నీ పొడవకపోతే కదలకూడదు.

కోడి ఆకుల చుట్టూ తిరిగింది. ఈకలు సవరించుకుంది. బియ్యం వంక చూడనైనా చూడలేదు.

"దేవత ఒప్పలేదు. గుంట కదలకూడదు" అన్నాడు గాసి. సోంబరు తలెత్తలేదు.

రత్నానికి బాధా లేదు, సంతోషమూ లేదు. పోనీలే అనుకుని కోడిని గంప కింద పెట్టడానికి ఎత్తింది. మెడ కింద తిత్తి చేతికి తగిలింది, గింజలతో బిర్రుగా. వేళ్ళు అక్కడే ఆగిపోయాయి. అమ్మ డొక్కలో తగిలిందేమిటో అప్పుడు తెలియలేదు. ఇది తెలిసింది. ఇన్ని నెలల్లో మొదటిసారి ఆమెకి కోపమొచ్చింది. కోడిని మేపినవాళ్ళ మీద కాదు, ఆనాడు తడిమి కూడా ఊరుకున్న తన చేతి మీద.

"అయ్యా, ఈ కోడి కడుపు నిండుంది. ఎవరు మేపేరు?"

అప్పుడు సోంబరు తలెత్తాడు. "నేనే. పొద్దున్నే సోళ్ళు పెట్టేను. మీ యమ్మ పోయింది. నువ్వూ ఎల్లిపోతే నాకింకెవులున్నారు?"

"మేపిన కోడి మాట సెల్లదు" అని గాసి విసుక్కున్నాడు. "పస్తుంచండి. రేపు సూద్దాం."

ఆ రోజంతా తండ్రీ కూతుళ్ళు ఒకే కుండలో అంబలి తాగారు గానీ కోడికి ఒక్క గింజ వెయ్యలేదు. మర్నాడు గాసి వచ్చేసరికి ఆకులు పరిచే ఉన్నాయి. సోంబరు కోడిని చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"అమ్మా, ఈ మూడింట్లో మన కొండల్లో మాటాడే ఒడియా నడిసే ఊరేది?"

"కటకం. నడిమాకు."

సోంబరు కోడిని తెచ్చి సరిగ్గా నడిమాకు ముందు దింపాడు. పస్తున్న కోడి కదా, టకటకా పొడిచేసింది. గాసి చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

"ఇదేటయ్యా?" అంది రత్నం.

"అరవోళ్ళ ఊరైతే నాకు నోరు పెగల్దు. కటకమైతే, నిన్ను సూడాలనిపించినప్పుడు దారి అడుక్కుంటూ వచ్చేత్తాను" అన్నాడు సోంబరు.