పచ్చ గళ్ళ చొక్కా

మా బావని కొట్టినవాళ్ళలో ఇద్దరు రోజూ పొద్దున ఆయన కాల్చిన బ్రెడ్డే తినేవాళ్ళు. ఆ సంగతి వాళ్ళకి తెలీదు. బేకరీ వెనక గదిలో పొయ్యి ముందు నిలబడేవాడి ముఖం, ముందు కౌంటర్‌లో కొనుక్కునేవాళ్ళకి ఎందుకు తెలుస్తుంది?

నిరుటి మాట. బుడంకాయకి అప్పుడు మూడేళ్ళు. బుడంకాయంటే బావ కూతురు, నా మేనకోడలు. బస్టాపులో బెలూన్ కావాలని నేల మీద పడి దొర్లింది. బావ కొననన్నాడు. "నువ్వు మా నాన్నవి కాదు, పో" అని అరిచింది. ఆ నెలంతా పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళ గురించి ఫోన్లలో మెసేజీలు తిరుగుతున్నాయి. బావ పని దిగి అటునుంచి అటే వచ్చాడు. జుట్టులో పిండి, చెంప మీద పాత కాలిన మచ్చ, మోచేతి దగ్గర చిరిగిన చొక్కా. పిల్లేమో ఇస్త్రీ గౌను, తెల్ల మేజోళ్ళు. ఇలాంటివాడికి అలాంటి పిల్ల ఎలా పుట్టిందని ఎవరో అడిగారు. జవాబు వినే ఓపిక ఎవరికీ లేకపోయింది.

మా అక్క హాస్పిటల్ లాండ్రీలో పని చేస్తుంది. తడి చేతులతోనే పరిగెత్తుకొచ్చింది. అప్పటికే బావకి ముందు పన్ను ఊడింది, ఎడమ చెవి వాచిపోయింది. "పొరపాటైంది లేమ్మా, పిల్లల మంచికేగా" అన్నాడొక పెద్దమనిషి. ఇంకొకడు ఎగిరిపోయిన చెప్పు వెతికి తెచ్చి ఇచ్చాడు. మా బావకి దొరికిన న్యాయం ఆ చెప్పొక్కటే.

ఆ తర్వాత ఆయనలో భయం కాపురం పెట్టింది. నేను వాళ్ళింట్లోనే మేడ మీద గదిలో ఉండేవాణ్ణి కాబట్టి రోజూ చూసేవాణ్ణి. వీధిలో పిల్లల చెయ్యి పట్టుకునేవాడు కాదు. రెండడుగులు వెనక నడిచేవాడు. బుడంకాయ ఇంట్లో ఏడిస్తే ముందు కిటికీలు మూసి, రేడియో పెద్దగా పెట్టి, ఆ తర్వాతే ఎందుకేడుస్తున్నావని అడిగేవాడు.

అక్కకి బుధవారం సెలవు. పిల్లలకి ఆదివారం. అందుకని ఆదివారం పిల్లలు బావ వాటాకి వచ్చేవాళ్ళు. తెల్లవారుజామున వెళ్ళినవాడు తొమ్మిదికల్లా వచ్చి, వాళ్ళకి స్నానం చేయించి, బ్రెడ్డు ముక్కలు గుడ్డులో ముంచి పెనం మీద వేసేవాడు. అంచులు కోసి పక్కన పెడితే పెద్దాడు వాటిని వెన్నలో వేయించమనేవాడు. పెద్దాడంటే బుడంకాయ అన్న, ఆరేళ్ళవాడు. తిన్నాక ఇద్దరూ కిటికీ చువ్వలకి వేళ్ళాడేవాళ్ళు.

"నాన్నా, బయటికి."

"బయట ఎండ."

"వాన పడుతోందిగా."

"అదే, వాన."

ఎనిమిది నెలలు ఇలాగే గడిచాయి. ఒకరోజు బళ్ళో టీచరమ్మ ఆదివారం పార్కులో ఏం చూశారో చెప్పమంటే, పెద్దాడు చెరువులో మొసలికి తానే బిస్కెట్ పెట్టానని చెప్పొచ్చాడు. అక్కకి కబురొచ్చింది.

"పిల్లాడు కోతలు కోయడం నేర్చుకున్నాడు. ఒక్కసారి తీసుకెళ్ళు. అందరి నాన్నలూ తీసుకెళ్ళట్లేదా?" అంది అక్క.

బావ చాలాసేపు పళ్ళెంలో వేలితో గీతలు గీశాడు. "తీసుకెళ్తాను. తీసుకెళ్ళినట్టే తిరిగి తీసుకొస్తాను. కానీ పద్ధతిగా" అన్నాడు.

పద్ధతేమిటో వారం తర్వాత తెలిసింది. పచ్చ గళ్ళ గుడ్డ ఆరు మీటర్లు కొని టైలరు దగ్గరికి పట్టుకెళ్ళాడు. ఆయనకో చొక్కా, పెద్దాడికో చొక్కా, బుడంకాయకి గౌను. చూడగానే ముగ్గురూ ఒక ఇంటివాళ్ళని తెలియాలి.

"ఏంటన్నా, సర్కస్ పెడుతున్నారా?" అని టైలరు నవ్వాడట.

ముగ్గురూ వేసుకుని వరసగా నిలబడితే అక్క నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. "దుప్పటి ఆరేసినట్టుంది" అంది. బావ నవ్వలేదు. ఒక ప్లాస్టిక్ కవర్లో పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, పెళ్ళి ఫోటో, అక్క ఫోన్ నంబరు రాసిన కాగితం సర్దుతున్నాడు.

ఆ పైన పరీక్ష. గుమ్మం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని బుడంకాయని అడిగేవాడు.

"నేనెవరు?"

"నాన్న."

"ఏం పని చేస్తాను?"

"బ్రెడ్డు కాలుస్తావు."

"ఎవరైనా అడిగితే అలా కాదు. 'ఈయన మా నాన్న. బేకరీలో బ్రెడ్డు కాలుస్తాడు' అనాలి. మళ్ళీ చెప్పు."

రోజూ సాయంత్రం ఇదే పాఠం, రోజుకో వాక్యం పెరుగుతూ. నాకు ఒళ్ళు మండేది. "దాన్నెందుకు బావా వేధిస్తావు? తప్పు చేసిందెవరు, పాఠం నేర్చుకునేదెవరు?" అన్నానొకసారి.

"పండితా, నువ్వు పుస్తకంలో చదివిందంతా నిజమే. దెబ్బలు పడేటప్పుడు పుస్తకం అడ్డం పెట్టుకోవచ్చా?" అన్నాడు. తర్వాత మెల్లగా, "ఆదివారం నువ్వూ రా. సాక్షిగా" అన్నాడు.

వెళ్ళాం. బస్సులో ఆ గళ్ళు చూసి అందరూ నవ్వుమొహం పెట్టారు. బావ భుజాలు ఒక అంగుళం కిందికి దిగాయి. పార్కులో చెరువుకి నలభై అడుగుల దూరంలో గడ్డి మీద పాత దుప్పటి పరిచాం. చెరువుకి గట్టుంది గానీ కంచె లేదు. గుడ్డులో వేయించిన బ్రెడ్డు, ఉడికించిన బంగాళాదుంపలు, అరటిపళ్ళు. మొసలి లేదని పెద్దాడు అలిగాడు. "ఆదివారం దానికీ సెలవేమోరా" అని బావ ఊడిన పన్ను సందు కనపడేలా నవ్వాడు. ఆ దెబ్బల తర్వాత అదే మొదటిసారి.

అప్పుడొచ్చాడు వాడు. ఎర్ర టోపీ, మూడేళ్ళు కూడా ఉండవు. వెంట పెద్దవాళ్ళెవరూ లేరు. బ్రెడ్డు వంక చూశాడు, బావ వంక చూశాడు, వచ్చి బావ చొక్కా చెయ్యి పిడికిట బిగించి పట్టుకున్నాడు.

బావ నాలుగు వైపులా చూశాడు.

"ఒరే, వీడెవడు?"

"తప్పిపోయినట్టున్నాడు. లే బావా, వెళ్ళిపోదాం. మనకెందుకు?" అన్నాను. ఆ మాట అన్నది నేనే.

"వదిలేస్తే అటు చెరువుంది."

"అయితే ఎత్తుకుని గేటు దగ్గర అప్పగిద్దాం."

"నేనా?" అని నా కళ్ళలోకి చూశాడు. "దారిలో వీడేడిస్తే?"

పార్కు నిండా జనం. ఒక్క కేక చాలు.

"నువ్వు పరిగెత్తు. వాచ్‌మన్‌ని తీసుకురా. నేను ఇక్కణ్ణించి కదలను, వీడి మీద చెయ్యి వెయ్యను" అన్నాడు. రెండు అరచేతులూ పైకి తిప్పి మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

పరిగెత్తాను. గేటు చాలా దూరం అనిపించింది. వాచ్‌మన్‌తో తిరిగొచ్చేసరికి పదిమంది గుమిగూడారు. బావ నేను వదిలిన చోటే, అరచేతులు పైకే పెట్టుకుని కూర్చున్నాడు. ఆ పిల్లాడు తనంతట తానే ఆయన ఒళ్ళోకి ఎక్కాడు. పెద్దాడు వాడి నోట్లో బ్రెడ్డు పెడుతున్నాడు. చెమటకి బావ చొక్కా వీపు మీద గళ్ళు నల్లబడ్డాయి.

పిల్లాడి తల్లి జనాన్ని తోసుకుంటూ వచ్చి వాణ్ణి లాక్కుని ఏడ్చింది. కోపం లేదామెలో. కాస్త తేరుకుని, మంచిగానే, బుడంకాయ బుగ్గ తాకి, "నీ పేరేంటమ్మా?" అంది.

బుడంకాయ లేచి నిలబడింది. చేతులు కట్టుకుంది. పేరు చెప్పింది. అక్కడితో ఆగలేదు. "ఈయన మా నాన్న. బేకరీలో బ్రెడ్డు కాలుస్తాడు. నేను నా ఇష్టంతోనే వచ్చాను. నన్నెవరూ ఎత్తుకుపోవట్లేదు."

ఆమె చెయ్యి బుగ్గ మీదే ఆగిపోయింది. కొడుకుని ఇంకో చంకకి మార్చుకుని ఒకడుగు వెనక్కి వేసింది.

"పిల్లకి ఎవరు నేర్పారిది?" అన్నాడు వెనక నుంచి ఒకాయన.

"బట్టలు చూడండి, యూనిఫాంలా కుట్టించాడు" అన్నారింకెవరో. ఒక ఫోను పైకి లేచింది. జనం దగ్గరికి జరిగారు. గడ్డి మీద నీడలు మా దుప్పటి ఎక్కాయి.

"నేను వాళ్ళ మావయ్యని" అన్నాను. ఎవరూ నా వైపు తిరగలేదు.

బావ లేవలేదు. లేస్తే పారిపోతున్నాడంటారని ఆయనకి తెలుసు. గడ్డంతో సంచి వైపు చూపించాడు. "అందులో కవరుంది. నేను తియ్యను. మీలో ఎవరైనా తియ్యండి."

వాచ్‌మన్ తీశాడు. ఒక్కో కాగితం తిప్పి తిప్పి చూశాడు. పెళ్ళి ఫోటోలో ముఖాన్నీ, కాలిన మచ్చనీ పోల్చాడు. అక్కకి ఫోన్ చేసి అందరికీ వినపడేలా పెట్టాడు. లాండ్రీ మిషన్ల రొద మధ్య అక్క గొంతు వచ్చింది. "పచ్చ గళ్ళేగా? నా వాళ్ళే. ఏం చేశారు వాళ్ళని? చెప్పండి, ఏం చేశారు?"

వాచ్‌మన్ కవరు తిరిగిచ్చి, "సరే, వెళ్ళండి. పిల్లలకి ఇలాంటివి నేర్పకండి" అన్నాడు. జనం పల్చబడ్డారు. పోతూ పోతూ ఒకావిడ ఆ గుడ్డ ఎక్కడ కొన్నారని అడిగింది.

బావ లేవబోయాడు. మళ్ళీ కూర్చున్నాడు.

"బాగా చెప్పానా నాన్నా?" అంది బుడంకాయ.

"బాగా చెప్పావు తల్లీ. ఒక్క ముక్కా వదల్లేదు."

తర్వాత నేను వేరే ఊళ్ళో పనికి కుదిరాను. పోయిన నెల రెండు రోజులకని వచ్చాను. శనివారం సాయంత్రం బావ మేడెక్కి వచ్చి, కాగితంలో చుట్టిందేదో మంచం మీద పెట్టాడు. విప్పితే ఆయన పచ్చ గళ్ళ చొక్కా, ఇస్త్రీ చేసి ఉంది. గుమ్మంలోనే నిలబడి మాట్లాడాడు.

"రేపు పిల్లల్ని పార్కుకి నువ్వు తీసుకెళ్ళు. పక్కల కుట్టు వేయించాను, నీకు సరిపోతుంది. కవరు సంచిలోనే ఉంది. బుడంకాయకి మళ్ళీ నేర్పాను, ఈసారి 'ఈయన మా మావయ్య' అని. గుమ్మం దాటే ముందు ఒక్కసారి అప్పజెప్పించుకో."