రూటర్ మిషన్ కొన్న రోజు

మణుగూరులో బొగ్గు గనుల క్వార్టర్లో ఉన్నప్పుడు మా ఆయన పెరట్లో రేకుల షెడ్డు వేసుకుని, సెలవు రోజుల్లో వడ్రంగం చేసేవారు. పనిముట్లన్నీ నేల మీదే పడి ఉండేవి. వాటికి గూళ్లు చేద్దామని, పలకల్లో గాడి తీసే రూటర్ మిషన్ కొనడానికి ఇద్దరం ఖమ్మం వెళ్లాం. దుకాణంలో రెండు చూపించారు. ఆయనకు పెద్దది నచ్చింది. నేను రెండూ ఎత్తి చూసి, చిన్నదే నయమన్నాను.

"నీకెందుకు? పట్టేది నేను గదా" అన్నారు.

"నాక్కూడ నేర్పుతరనుకున్న."

ఆయన పెద్దదాన్ని పక్కకు జరిపి, దుకాణదారుతో "చిన్నదే ఇయ్యి" అన్నారు.

ఆదివారం మొదటి గాడి నేనే తీశాను. అది కొంచెం వంకరపోయింది. ఆయన ఇంకో పలకను అందులోకి మెల్లగా తట్టి, "కూసున్నది, సూడు" అన్నారు. మిగతా గాళ్లు కూడా నేనే తీశాను. ఆయన పలకలు కదలకుండా పట్టుకున్నారు.